ఓక్ వనాలలో ట్రఫుల్ సేద్యం – నేలలోని నెయ్యం

భూమిలో పండే పంటలు మనకు కొత్తవి కావు. మన అనంతపురం జిల్లా రైతు బ్రతుకు తరతరాలుగా భూమిలో ఊరే వేరుశనగ మీదనే ఆధారపడి సాగినది. ఉల్లి, చేమ, కంద, చిలగడదుంప కూడ నేలలో ఊరేవే. అయితే వీటన్నిటికీ నేలపైన ఒక మొక్క ఉంటుంది. ఆ మొక్కకు విత్తనమో గడ్డయో మన చేతిలో ఉంటుంది. దానిని నాటితే మొలుస్తుంది. ఆకు, కాడ, వేరు ఏదియు లేక, వేరొక చెట్టు వేళ్లను పట్టుకొని, నేలలో బెత్తెడు లోతున పండే విచిత్రమైన పంట ఒకటి ఐరోపా ఖండంలో కలదు. దాని పేరు ట్రఫుల్.

ట్రఫుల్ పుట్టగొడుగులకు చుట్టము. గొడుగు విప్పకుండ, నేలను చీల్చుకొని పైకి రాకుండ, లోపలనే గడ్డ కట్టే శిలీంధ్రమిది. నల్ల ట్రఫుల్ చూచుటకు గరుకు తోలుగల చిన్న బంగాళాదుంప వలె ఉంటుంది. కోసి చూస్తే నల్లని కండలో తెల్లని సన్న గీతలు అల్లుకొని కనిపిస్తాయి. దాని వాసన చాల ఘాటైనది. ఆ వాసన కొరకే ధనికుల భోజనశాలలలో దానిని పలుచని రేకులుగా తరిగి అన్నముపై, గుడ్లపై చల్లుకొంటారు. మంచి నల్ల ట్రఫుల్ కిలో వందల యూరోలు, అనగా మన రూపాయలలో పదుల వేలు పలుకుతుంది.

ఇంత వెల పలికే పంటను మన మెట్ట పొలాలలో పండించరాదా అని విద్యార్థులు అడుగుట సహజము. వీలు కాదని ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చును. కాని ఎందుకు వీలు కాదో, వీలైన చోట ఎట్లు వీలైనదో తెలిసికొంటే మన కాలి క్రింది నేలను గురించి మనకే కొన్ని సంగతులు బోధపడతాయి. ఈ వ్యాసం ఉద్దేశ్యము అదియే.

ఉరుములకు పుట్టినదను నమ్మకం

తొలకరి ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయని మన పల్లెలలో పెద్దలు అంటారు. ట్రఫుల్ విషయంలోను ప్రాచీనులకు ఇట్టి నమ్మకమే ఉండినది. గ్రీకు రచయిత ప్లూటార్క్ తన విందు సంభాషణలలో, ట్రఫుల్ ఉరుము వలన పుట్టుననే ప్రజల నమ్మికను చర్చకు పెట్టినాడు. అరబ్బు ఎడారులలో దొరికే మరొక జాతి ట్రఫుల్‌ను ‘కమ్అ’ అంటారు. ఉరుములతో కూడిన వానలు పడిన ఏట అది బాగుగా దొరుకుతుంది గనుక దానికి ‘ఉరుము కూతురు’ అనే పేరు కూడ వాడుకలో ఉన్నది. కమ్అ ‘మన్న్’ కోవకు చెందినదని, దాని రసము కంటికి మేలు చేయునని తెలిపే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటను కలదు. దున్నక, విత్తక, నీరు పెట్టక లభించే ఆహారమగుటచే దానిని మన్న్‌తో పోల్చినారని వ్యాఖ్యాతలు వివరించినారు.

విత్తకనే లభించేదానిని మనిషి విత్తి పండించగలడా? ట్రఫుల్ సేద్యపు చరిత్ర అంతయు ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. ఇప్పుడు మన పట్టణాలలో అమ్మే ముత్యపుచిప్ప పుట్టగొడుగులను వరిగడ్డి మీద పెంచుతారు. ఆ జాతులు చచ్చిన గడ్డిని, కొయ్యను కుళ్లబెట్టి తిని బ్రతికేవి. ఉడకబెట్టిన గడ్డి, చీకటి గది, తడి ఉంటే చాలును. ట్రఫుల్ అట్టిది కాదు. దానికి బ్రతికి ఉన్న చెట్టు వేరే ఆధారము. మన చెదపుట్టలపై లేచే పుట్టకొక్కుల సంగతియు కొంత ఇట్టిదే. అవి చెదపురుగులతో కలిసి బ్రతికే జాతి. చెదలు లేనిదే అవి లేవు. ఆ కారణము చేతనే ఎంత రుచిగలవైనను వాటిని గదులలో పెంచుట సాధ్యపడలేదు.

ఓక్ గింజ నాటిన రైతు

ట్రఫుల్ పండే చెట్లలో ముఖ్యమైనది ఓక్. తెలుగులో దీనిని సింధూర వృక్షమని వ్రాస్తారు. ఉర్దూ, ఫారసీ భాషలలో ‘బలూత్’ అంటారు. ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగాన వోక్లూజ్ మండలంలో జోసెఫ్ తలోన్ అనే రైతు ఉండేవాడు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అతడు ట్రఫుల్ దొరికే ఓక్ చెట్ల క్రింద రాలిన గింజలను ఏరి తెచ్చి, రాళ్లతో నిండిన తన నేలలో నాటినాడు. కొన్ని ఏండ్లకు ఆ చెట్ల క్రింద ట్రఫుల్ దొరికినది. అదే మండలంలోని కార్పంత్రా పట్టణపు వర్తకుడు ఒగుస్త్ రూసో 1847లో సుమారు 7 హెక్టారులలో ఓక్ తోట వేసినాడు. 1855లో పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో తన పంటను ప్రదర్శించి పేరు పొందినాడు. ట్రఫుల్ కావలెనంటే ఓక్ గింజలు నాటవలెనని నలుగురికి తెలిసినది.

తర్వాత కొద్ది కాలానికే ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఫిలోక్సెరా అనే పురుగు నాశనము చేసినది. తోటలు పోయిన సున్నపు నేలలలో రైతులు ఓక్ నాటినారు. 19వ శతాబ్దాంతమునకు ఆ దేశంలో ఏటా వెయ్యి టన్నులకు మించి ట్రఫుల్ పండినది. ఒక పంట పోయిన బాధలో నుండి మరొక పంట పుట్టినది.

అయినను ఆ చెట్టుకు, ఆ గడ్డకు గల సంబంధమేమో ఎవరికిని తెలియదు. జర్మనీలోని ప్రష్యా ప్రభుత్వం తన అడవులలో ట్రఫుల్ పండించే వీలున్నదేమో పరిశీలింపుమని ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుని కోరినది. అతడు చెట్ల సన్నని వేళ్ల కొనలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ప్రతి కొనకు శిలీంధ్రపు పోగులు తొడుగు వలె అల్లుకొని ఉండుట చూచినాడు. చెట్టు ఆరోగ్యముగానే ఉన్నది గనుక ఇది తెగులు కాదని, వేరు, శిలీంధ్రము కలిసి ఒకే అవయవముగా పని చేస్తున్నవని నిర్ణయించినాడు. 1885లో దానికి ‘మైకోరైజా’ అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ‘మైకెస్’ అనగా శిలీంధ్రము, ‘రైజా’ అనగా వేరు. మనము శిలీంధ్రమూలమని చెప్పుకొనవచ్చును. ప్రష్యా అడవులలో ట్రఫుల్ పండించే కోరిక నెరవేరలేదు గాని, ఆ వెదకులాట వృక్షశాస్త్రానికి ఒక కొత్త శాఖను ప్రసాదించినది.

ఇచ్చి పుచ్చుకొనుట

ఈ సహవాసపు ధర్మము సులభముగా గ్రహింపదగినదే. చెట్టు ఆకులలో సూర్యరశ్మి సహాయముతో చక్కెర తయారవుతుంది. శిలీంధ్రానికి ఆకుపచ్చదనము లేదు గనుక తన ఆహారము తాను తయారు చేసికొనలేదు. కాని దాని పోగులు వెంట్రుక కంటె సన్నములు. వేరు దూరలేని మట్టి సందులలోనికి అవి దూరి, నీటిని, భాస్వరమును, ఇతర లవణములను తెచ్చి వేరుకు అందిస్తాయి. ప్రతిగా చెట్టు తన చక్కెరలో కొంత శిలీంధ్రానికి ఇస్తుంది. ఏ ఒక్కరు లోభించినను ఇద్దరికిని నష్టమే.

నేలలో ఏండ్ల తరబడి ఇట్లు సాగిన సహవాసమునకు ఫలమే ట్రఫుల్. ఆ గడ్డ లోపల శిలీంధ్రపు సిద్ధబీజాలు ఉంటాయి. అది నేల లోపల ఉన్నది గనుక గాలి ఆ బీజాలను మోసికొని పోజాలదు. అందుచేత పండినప్పుడు ఘాటైన వాసన విడిచి జంతువులను పిలుస్తుంది. పంది, ఎలుక మొదలైనవి త్రవ్వి తిని బీజాలను చుట్టుప్రక్కల వెదజల్లుతాయి. మనిషి ముక్కుకు ఆ వాసన అందదు గనుక పూర్వము పందిని, ఇప్పుడు ఎక్కువగా తర్ఫీదు పొందిన కుక్కను వెంట తీసికొని పోయి ట్రఫుల్ వెదకుతారు. పందికి దొరికినది పంది తినివేస్తుంది. కుక్క ఒక తినుబండారముతో తృప్తిపడుతుంది.

ట్రఫుల్ ఉన్న చెట్టు క్రింద గడ్డి కూడ సరిగా మొలవదు. అగ్గి పెట్టినట్లు నేల బోసిగా ఉంటుంది. ఫ్రెంచి వారు ఆ వలయాన్ని ‘కాలిన చోటు’ అనే అర్థము గల ‘బ్రూలే’ అనే మాటతో పిలుస్తారు. అనుభవము గల రైతు దానిని చూచి, పంట రెండు మూడేండ్లలో రానున్నదని చెప్పగలడు.

పోయిన విద్య, మరల వచ్చిన విద్య

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినది. పల్లెల నుండి యుద్ధానికి పోయిన యువకులలో ఎందరో తిరిగి రాలేదు. ఉన్నవారు పట్టణాలకు వలస పోయినారు. చెట్ల క్రింద నేలను కలియదున్నేవారు, కొమ్మలు కొట్టేవారు లేక ఓక్ తోటలు చిక్కని అడవులైనవి. నీడ ముదిరిన చోట ట్రఫుల్ పండదు. తండ్రి నుండి కొడుక్కు నోటిమాటగా వచ్చిన సేద్యపు మెలకువలు కూడ వారితోనే పోయినవి. 20వ శతాబ్దాంతమునకు ఫ్రాన్సు పంట 50 టన్నుల లోపునకు దిగజారినది. పల్లె ఖాళీ అయితే పొలముతో పాటు విద్య కూడ పాడుపడుతుందనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు. బ్రతుకుతెరువుకు బెంగుళూరు, హైదరాబాదు బస్సులెక్కే కుటుంబాలను చూచే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

1970 దశకంలో ఫ్రాన్సు, ఇటలీ శాస్త్రజ్ఞులు ఈ పనిని మరల చేపట్టినారు. ఓక్ గింజను శుభ్రపరచి, వేరే శిలీంధ్రమేదియు లేని మట్టిలో మొలిపిస్తారు. పండిన ట్రఫుల్‌ను నూరి, ఆ సిద్ధబీజాలను లేత వేళ్లకు పట్టిస్తారు. కొన్ని నెలలు గాజు ఇండ్లలో పెంచి, వేళ్ల కొనలను సూక్ష్మదర్శినిలో చూచి, కావలసిన శిలీంధ్రమే అంటినదని నిశ్చయించుకొన్న పిమ్మట మొక్కను పొలములో నాటుతారు. తలోన్ కాలంలో అదృష్టము మీద ఆధారపడినది ఇప్పుడు పద్ధతికి లోబడినది.

అయినను ఇది తొందరపడేవారి పంట కాదు. హెక్టారుకు 250 నుండి 500 మొక్కలు నాటుతారు. తొలి ట్రఫుల్ కనిపించుటకు అయిదారేండ్లు, నిండు పంటకు పదేండ్లు పడుతుంది. నాటిన ప్రతి చెట్టు పండదు. 2010లో నల్ల ట్రఫుల్ జన్యుపటమును ప్రకటించినప్పుడు ఒక కారణము తెలిసినది. ఈ శిలీంధ్రంలో రెండు సంగమ రకాలు గలవు. రెండును ఒక చోట కలిస్తేనే గడ్డ కట్టుతుంది. తెల్ల ట్రఫుల్ ఇంకను మొండిది. దానిని దాని సహజస్థానానికి వెలుపల నాటిన తోటలో పండించగలిగినట్లు ఫ్రాన్సు పరిశోధకులు 2021లో మాత్రమే ప్రకటించినారు.

బంజరు పీఠభూమి కథ

మనకు ఎక్కువ ఆసక్తి కలిగింపదగిన ఉదాహరణ స్పెయిన్ దేశంలోని తెరుయెల్ మండలము. అది సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున గల రాతి పీఠభూమి. అక్కడ వాన తక్కువ, చలి ఎక్కువ, నేల సున్నపు రాళ్ల మయము. ఆ పొలాలలో గోధుమ, బార్లీ అరకొరగా పండేవి. జనము వలస పోయి స్పెయిన్‌లో కెల్ల పలుచని జనాభా గల మండలాలలో ఒకటిగా మిగిలినది. 1980 దశకపు చివర నుండి సరియోన్ అనే ఊరి చుట్టుప్రక్కల రైతులు ట్రఫుల్ అంటించిన ఓక్ మొక్కలు నాటినారు. వేసవిలో చెట్టుకు కొద్దిపాటి నీరు అందే ఏర్పాటు చేసికొన్నారు. నేడు ప్రపంచములో నల్ల ట్రఫుల్ అత్యధికముగా పండే ప్రాంతమది.

ఆ నేలలో లోపమనుకొన్న గుణాలే ఈ పంటకు కావలసినవి. సున్నము, రాయి, ఎండకు వానకు తెరచుకొన్న పొలము, గట్టి చలి అన్నియు ట్రఫుల్‌కు అనుకూలములు. కొత్త నేల తెచ్చి పోసికొనక, ఉన్న నేల దేనికి తగినదో తెలిసికొన్నారు. వారి విజయానికి మూలము అది.

మన గుంతకల్లు నేలలో?

ఇక మన ప్రశ్నకు వద్దాము. గుంతకల్లు, గుత్తి ప్రాంతాలలో ఎర్రనేలలు, నల్లరేగళ్లు రెండును కలవు. సున్నపు గులక కలిసిన చోట్లు కూడ లేకపోలేదు. జిల్లా సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల దరిదాపు. వానను బట్టి, సున్నమును బట్టి మాత్రమే చూస్తే తెరుయెల్‌తో పోలిక కుదిరినట్లే కనిపిస్తుంది. కాని ట్రఫుల్ గడ్డకు చలికాలము అవసరము. వేసవిలో మొదలైన గడ్డ శీతకాలపు చల్లదనములో పండి నవంబరు చివర నుండి మార్చి వరకు చేతికి వస్తుంది. మనకు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డిసెంబరులో పగటి ఎండ కూడ వెచ్చగానే ఉంటుంది. ఓక్ చెట్టుకే ఇక్కడ మనుగడ లేదు. భారతదేశంలో ట్రఫుల్ లేకపోలేదు. 1892లో ‘ట్యూబర్ ఇండికం’ అని పేరు పెట్టిన జాతి హిమాలయపు అడవులలోనిది. దక్కను మెట్టకు అది దూరపు చుట్టము కూడ కాదు.

ఎడారి ట్రఫుల్ సంగతి వేరు. అది పెద్ద చెట్టును కాక ఒక చిన్న పొదను ఆశ్రయించి పెరుగుతుంది. స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతంలో దానిని తోటలుగా పండిస్తున్నారు. అయితే ఆ పొదలు మధ్యధరా తీరపు శీతకాలపు వానలకు అలవడినవి. మన వానలు జూన్ నుండి అక్టోబరు వరకు. వాన వచ్చే కాలము మారితే వాన ఉన్నను లేనట్లే.

కనుక రేపు ఎవరైనను వచ్చి, ట్రఫుల్ అంటించిన మొక్కలివిగో, ఎకరాకు లక్షలు పండుతాయని మన రైతులకు అమ్మజూపితే నమ్మరాదు. 2000 దశకంలో జట్రోఫా, అనగా అడవి ఆముదం, బీడు భూములను బంగారము చేయునని మన రాష్ట్రంలో ఎంతో ప్రచారము జరిగినది. మెట్టలో ఆశించినంత గింజ పండలేదు. చెట్టును కొనితేవచ్చును గాని, ఆ చెట్టుకు అలవడిన నేలను, గాలిని, ఋతువును కొనితేలేము.

మన చెట్లకు గల నెయ్యము

ఇంతటితో నిరాశ పడనక్కరలేదు. ఫ్రాంక్ ఓక్ వేళ్లలో చూచిన సహవాసము మన పొలాలలోను కలదు, రూపము మాత్రము వేరు. ఓక్ వేరు పైన శిలీంధ్రము తొడుగు వేస్తుంది. మన వేప, చింత, మామిడి, చీనీ, కంది, వేరుశనగ, జొన్న, కొర్ర మొదలైనవాటిలో శిలీంధ్రము వేరు లోపలి కణాలలోనికే చొచ్చుకొని పోతుంది. ఈ రకపు సహవాసము 40 కోట్ల ఏండ్లనాటి శిలాజాలలో కూడ కనిపించినది. దీనికి ట్రఫుల్ వంటి ఫలము లేదు. దాని ఫలము చెట్టు బ్రతుకే.

ఒక్క ఉదాహరణ చాలును. తాడిపత్రి, పుట్లూరు, నార్పల ప్రాంతాలకు పేరు తెచ్చిన చీనీ చెట్టునే తీసికొందాము. నిమ్మజాతి చెట్లకు వేరు వెంట్రుకలు తక్కువ. అందుచేత భాస్వరము కొరకు అవి శిలీంధ్రముపై ఎక్కువగా ఆధారపడతాయి. అమెరికాలో ఈ జాతి నారుమళ్లలో తెగుళ్లు చంపుటకై మట్టిని విషవాయువులతో శుద్ధి చేసేవారు. అట్టి మళ్లలో మొక్కలు ఎదుగు బొదుగు లేక గిడసబారినవి. మట్టిలోని శిలీంధ్రము చచ్చిపోవుటయే అందుకు కారణమని 1972లో ఇద్దరు శాస్త్రజ్ఞులు నిరూపించినారు. శిలీంధ్రమును తిరిగి కలుపగానే మొక్కలు కోలుకొన్నవి.

మన ప్రాంతపు తోటలలో కొందరు నాటుతున్న శ్రీగంధము కూడ ఒంటరిగా బ్రతికే చెట్టు కాదు. దాని వేళ్లు ప్రక్క మొక్కల వేళ్లను పట్టుకొని నీరు, లవణములు పీల్చుకొంటాయి. అందుకే లేత గంధపు మొక్క ప్రక్కన కంది వేస్తారు. తర్వాత సరుగుడు, కానుగ వంటి చెట్లను తోడు నిలుపుతారు. ట్రఫుల్ ఓక్‌కు ప్రతిఫలమిస్తుంది. గంధము పుచ్చుకొనుటయే ఎక్కువ. రెండింటి సేద్యములోను సూత్రమొకటే. ఒక చెట్టును నాటుట చాలదు, దాని తోడును కూడ నాటవలెను.

నేలలోని ఈ నెయ్యమును చెరిచేవి ఏవి? బ్రతికిన వేరు లేక నెలల తరబడి బోసిగా ఎండిన పొలము, మాటిమాటికి లోతుగా దున్నుట, అవసరానికి మించిన భాస్వరపు ఎరువు. ఎరువు చేతికి అందితే వేరు శిలీంధ్రముతో పని లేదనుకొంటుంది. ఏటేటా ఒక్క వేరుశనగనే నమ్మి, మిగిలిన ఏడెనిమిది నెలలు నేలను ఎండకు వదలిన మన పద్ధతిలో ఈ దోషాలు కలవు. పూర్వము వేరుశనగ సాళ్ల నడుమ కంది, అలసంద, అనుము, జొన్న కలిపి వేసే ఆచారము ఉండినది. వాన వెనుకబడినను కంది వేరు నేలలో ప్రాణముతో ఉండేది. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వర్షాలకు ముందే పలు రకాల నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడుగునా పచ్చగా ఉంచే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. మన జిల్లా రైతులు కూడ దీనిని అనుసరిస్తున్నారు. నేలలో ఎల్లప్పుడు బ్రతికిన వేరు ఉండవలెననే మాటకు అర్థము ట్రఫుల్ కథ తెలిసిన వారికి సులభముగా తెలుస్తుంది.

విద్యార్థులారా! ట్రఫుల్ మన భోజనపు పళ్లెములోనికి రాకపోవచ్చును. దానివలన కలిగే లోటు ఏమియు లేదు. కాని నూరేండ్లకు పైగా దానిని వెదకినవారు కనుగొన్న సత్యము మన పొలానికి చెందినదే. మీలో వృక్షశాస్త్రము చదివేవారు సెలవులలో మీ ఊరి కంది వేరును, చీనీ వేరును తెచ్చి కళాశాల ప్రయోగశాలలో రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. నీలి పోగులు వేరు కణాలలో చెట్టు కొమ్మల వలె చీలి ఉండుట కనిపిస్తుంది. ఎరువు వేసిన మడిలోను, వేయని మడిలోను ఎంత భేదమున్నదో లెక్కించండి. మన కళాశాల పాలకవర్గము వారు ఇందుకు తగిన సామగ్రిని సమకూర్చినచో, కరవు నేలలో పుట్టిన పిల్లలు ఆ నేలను చదువుటకు ఆరంభించిన వారవుతారు. తెరుయెల్ రైతులు తమ రాళ్లను చదివినారు. మనము మన ఎర్రమట్టిని చదువవలసి ఉన్నది.